పాలు పొంగేలోగా ఒక పాట



ఈ పూట మీతో ఒక చిన్న పాట గురించి ముచ్చటిద్దామని వచ్చాను. పాట అన్నానే గాని దానికి మాటలు లేవు. పియానో ముందు ఒక్కరే కూర్చుని వాయించేది. మొదలుపెట్టిన రెండు నిమిషాల్లో అయిపోతుంది. పొయ్యి మీద పాలు పెట్టి, అవి పొంగేలోగా రెండుసార్లు వినవచ్చు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని "మినిట్ వాల్ట్స్" అంటారు. రాసినవాడు ఫ్రెడరిక్ షోపాన్. మనవాళ్ళు కొందరు అక్షరాలను బట్టి చోపిన్ అని కూడా పలుకుతారు. పోలెండు దేశంలో పుట్టి పారిస్‌లో స్థిరపడినవాడు. ఈ పాట అచ్చయింది 1847లో.

"నరసరావుపేటలోనో, మాచర్లలోనో కాపురం చేసుకునే మనకు పారిస్ పియానో గొడవ ఎందుకండీ?" అని మీలో కొందరు అనుకోవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఒక సంగతి చూడండి. ఈ రోజుల్లో మన పిల్లలు కీబోర్డు నేర్చుకుంటున్నారు. పుట్టినరోజుకు కీబోర్డు కొనిపెట్టే ఇళ్ళున్నాయి. నాలుగు పాటలు రాగానే పిల్లవాడు ఫోనులో ఈ వాల్ట్స్ చూస్తాడు. ఎవరో వేళ్ళు కనబడకుండా పరుగెత్తించి వాయిస్తుంటారు. "అమ్మా, దీన్ని ఒక్క నిమిషంలో వాయించాలట, నేనూ వాయిస్తాను" అంటాడు. మనం కూడా "అబ్బ, ఎంత వేగమో!" అని మెచ్చుకుంటాం. అక్కడితో వాడికి ఒక పాఠం వంటబట్టిపోతుంది. సంగీతమంటే పరుగుపందెం అన్న పాఠం! అది తప్పు పాఠం. ఆ తప్పు షోపాన్ చేసింది కాదు, ఆ పాటకు తగిలించిన పేరు వల్ల వచ్చింది.

ఇంగ్లీషులో ఆ మాటకు ఒకే రాతతో రెండు పలుకుబళ్ళు ఉన్నాయి. "మినిట్" అంటే అరవై సెకన్లు. "మైన్యూట్" అంటే బహు చిన్నది అని అర్థం. మన బొట్టుపెట్టెలో ఉండే చిన్న భరిణె లాంటిది అన్నమాట. ఈ వాల్ట్స్‌కు చిన్నది అన్న అర్థమే పొసగుతుంది. జనం మాత్రం మొదటి అర్థమే పట్టుకుని గడియారం ముందు పెట్టుకున్నారు. షోపాన్ అయితే ఏ ముద్దుపేరూ పెట్టలేదు. "వాల్ట్స్" అని రాసి, "మిక్కిలి చురుకుగా" వాయించమని సూచన మాత్రం ఇచ్చాడు. చురుకుగా అన్నాడు గాని ఊపిరాడకుండా అనలేదు కదా! నిజంగా నిమిషంలో ముగించాలంటే ఆ అరవై సెకన్లలో నాలుగు వందలకు పైగా తాళం దెబ్బలు పడాలి. మామూలుగా పెద్ద విద్వాంసులు దీన్ని ఒకటిన్నర నిమిషం నుంచి రెండున్నర నిమిషాల దాకా వాయిస్తారు.

ఫ్రెంచివాళ్ళు దీనికి మరో పేరు పెట్టుకున్నారు. "కుక్కపిల్ల వాల్ట్స్" అని. జార్జి సాండ్ అనే రచయిత్రి ఇంట్లో షోపాన్ ఏళ్ళ తరబడి గడిపాడు. ఆవిడ కుక్కపిల్ల తన తోకను తానే పట్టుకోవాలని గిర్రున తిరుగుతుంటే చూసి ఈ పాట కట్టాడని ఒక కథ చెప్పుకుంటారు. కథ నిజమైనా కాకపోయినా, పాట మొదలు వింటే మాత్రం ఆ కుక్కపిల్ల కళ్ళకు కడుతుంది.

ఇంతకూ వాల్ట్స్ అంటే ఏమిటి? అది మూడు లెక్కల నడక. మొదటి లెక్క బరువు, తరువాతి రెండూ తేలిక. మన పల్నాటి ఆడవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. మిల్లులు రాకముందు ఇళ్ళల్లో ఏడాదికి సరిపడా కారం దంచుకునేవాళ్ళు. ముగ్గురు ఒకే రోటి చుట్టూ నిలబడి, మూడు రోకళ్ళతో ఒకరి తరువాత ఒకరు పోటు వేసేవాళ్ళు. ఒక రోకలి లేస్తుంటే ఒకటి దిగేది, మూడోది గాలిలో ఉండేది. లెక్క తప్పితే రోకలికి రోకలి తగిలేది. వాళ్ళలో ఒకరి పోటు బరువుగా, ఇద్దరివి తేలికగా పడుతున్నాయనుకోండి, "ధం తక్ తక్, ధం తక్ తక్" అని వినబడుతుంది. వాల్ట్స్ నడక అదే. సంగీతం నేర్చుకున్నవాళ్ళకైతే తిశ్రం అంటే చాలు, "తకిట తకిట" అని తొడ మీద తాళం వేసి చూపిస్తారు.

పాశ్చాత్యుల మట్టు మన చెవికి కొత్తదీ కాదు. ముత్తుస్వామి దీక్షితర్, 1775 నుంచి 1835 దాకా జీవించిన ఆ మహానుభావుడు, మద్రాసు ప్రాంతంలో కుంపిణీవారి బ్యాండు మట్లు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కూర్చాడు. వాటినే నొట్టుస్వరాలు అంటారు. సంగీతం నేర్చుకునే పిల్లలకు ఈనాటికీ చెబుతున్నారు. అవన్నీ శంకరాభరణం మెట్ల మీద నడుస్తాయి, కొన్నిటికి మూడు లెక్కల నడకే. మనం చెప్పుకుంటున్న షోపాన్ వాల్ట్స్ కూడా మేజర్ స్కేలులోనే ఉంది. మేజర్ స్కేలు మెట్లూ మన శంకరాభరణం మెట్లూ ఒకటే. తేడా అల్లా గమకంలో ఉంది. పియానోలో మీట నొక్కితే లోపల గుడ్డ తొడిగిన చిన్న సుత్తి వచ్చి తీగెను కొడుతుంది. ఆ స్వరం పలికాక దాన్ని ఊపడానికి, జార్చడానికి వీలు లేదు. వీణ మీద తీగెను లాగినట్లు లాగలేం. అందుకని పియానోకు రాసేవాళ్ళు స్వరాలను దగ్గర దగ్గరగా పేర్చి, వాటి చుట్టూ చుట్టించి, గమకంలో ఉండే వయ్యారాన్ని ఇంకో దారిన తెప్పిస్తారు. షోపాన్ అందులో సిద్ధహస్తుడు.

వాల్ట్స్ మొదట ఆస్ట్రియా, జర్మనీ పల్లెటూళ్ళ నాట్యం. మగవాడు ఆడదాని నడుము పట్టుకుని గిరగిరా తిరిగే ఆట. అది పట్నాలకు పాకేసరికి పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. 1816లో లండన్ రాజదర్బారులో ఈ నాట్యం ఆడారని "టైమ్స్" పత్రిక మండిపడి రాసింది కూడా. ఆ తరువాత కొద్ది ఏళ్ళకే యూరప్ అంతా వాల్ట్స్ మయం అయిపోయింది. షోపాన్ 1830 చివర వియన్నా చేరేసరికి అక్కడ ఏ మూల చూసినా వాల్ట్స్ మోతే. ఆయనకు అది అంతగా రుచించలేదు. నాట్యానికి వాయించే ఆ నడకనే తీసుకుని, కూర్చుని వినడానికి అనువైన పాటలు రాశాడు. బతికుండగా ఆయన అచ్చు వేయించిన వాల్ట్స్‌లు ఎనిమిదే. ఎవరూ లేచి గంతులు వెయ్యనక్కర లేదు. గదిలో పదిమంది కూర్చుని ఉంటారు, ఒకరు వాయిస్తారు, అంతే.

ఆ కాలంలో మన దగ్గర ఏం జరుగుతోందో కూడా కాస్త తలుచుకుంటే సంవత్సరాలు మనసులో నిలబడతాయి. షోపాన్ పారిస్‌లో మొదటి కచేరీ చేసింది 1832లో. 1832, 33 సంవత్సరాల్లోనే గుంటూరు సీమను డొక్కల కరువు మట్టుపెట్టింది. ఆయన చనిపోయిన 1849లోనే ఫాదర్ హయ్యర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ గుంటూరు నుంచి మన గురజాల వచ్చి మకాం పెట్టాడు. లోకం ఒక్కటే, ఒక చోట కచేరీ, ఒక చోట ఆకలి. ఈ సంగతి మరిచిపోయి ఆ సంగీతం స్వర్గంలో పుట్టినట్లు మాట్లాడకూడదు.

ఇప్పుడు పాటలోకి వద్దాం. ఎలా వినాలో చెబుతాను.

మొదట కుడిచెయ్యి ఒక్కటే వినబడుతుంది. నాలుగైదు స్వరాల చుట్టూ గిరగిరా తిరుగుతుంది, ఎటు పోవాలో తేలని దానిలా. అప్పుడు ఎడమచెయ్యి వచ్చి "ధం తక్ తక్" అని నడక పట్టిస్తుంది. వెంటనే కుడిచెయ్యికి దారి దొరికినట్లయి పైకీ కిందికీ పరుగులు తీస్తుంది. ఇది మొదటి భాగం. ఆ తరువాత నడుమ భాగం వస్తుంది. తాళం మారదు, కాని స్వరాలు పొడుగవుతాయి. అప్పటిదాకా గంతులు వేసిన పిల్ల ఒక్కసారి గుమ్మంలో కూర్చుని ఏదో ఆలోచనలో పడినట్లుంటుంది. పాటకు ప్రాణం ఇక్కడుంది. ఆఖరికి కుడిచెయ్యి ఒకే చోట గలగలమని వణికి, ఆ వణుకులో నుంచి మళ్ళీ మొదటి పరుగు అందుకుంటుంది. చివర పైనుంచి కిందికి ఒక్క జారుడు, అయిపోయింది.

నిమిషంలో వాయించేవాళ్ళు ఏం పోగొడతారో ఇప్పుడు మీకే తెలుస్తుంది. నడుమ భాగాన్ని పోగొడతారు. కూర్చోనివ్వకుండా ఆ పిల్లను చెయ్యి పట్టి లాక్కుపోతారు. పరుగుకు అందం వచ్చింది ఆ మధ్యలో ఆగిన కాస్సేపటి వల్లనే. ఆగడం లేకపోతే పరుగు కూడా ఉత్త శబ్దమే.

షోపాన్ శిష్యులకు ఎడమచెయ్యి గురించి గట్టిగా చెప్పేవాడట. తాళం దాని చేతిలో ఉండాలి, కుడిచెయ్యి కాస్త అటూ ఇటూ తిరిగినా ఎడమచెయ్యి లెక్క తప్పకూడదు అని. మన గాయకులు తాళం లోపల ఉంటూనే పల్లవిని కాస్త వెనక్కూ ముందుకూ జరిపి పాడతారు చూడండి, అదే పద్ధతి. ఇంట్లో మనం చేసే పని కూడా చాలామటుకు ఎడమచేతి పనే. పిల్లల పరుగులూ, మగవాళ్ళ హడావిడీ అందరికీ వినబడతాయి. వాటి కింద వేళకు పొయ్యి వెలిగించి, వేళకు దీపం పెట్టే లెక్క ఎవరికీ వినబడదు. అది ఒక్కరోజు ఆగితే అప్పుడు తెలుస్తుంది!

ఈ పాటలు ఎవరి కోసం రాశాడో తెలిస్తే మీకు ఇంకా దగ్గరగా అనిపిస్తుంది. షోపాన్ పెద్ద పెద్ద హాళ్ళలో కచేరీలు చేసినవాడు కాదు. జీవితం మొత్తం మీద బహిరంగ కచేరీలు ముప్ఫై చిల్లర ఉంటాయి. ఆయన సంసారం గడిచింది పాఠాలు చెప్పి. శిష్యుల్లో చాలామంది ఆడవాళ్ళే. పాఠానికి ఇరవై ఫ్రాంకులు. ఆ డబ్బు చేతిలో పెట్టించుకోవడం ఆయనకు మొహమాటం. శిష్యురాలు గూటి మీద పెట్టి వెళుతుంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేవాడని చెప్పుకుంటారు. ఆ శిష్యురాళ్ళకు కచేరీ వేదికలు లేవు. వాళ్ళు వాయించేది ఇంట్లో, భోజనాల తరువాత, నలుగురు చుట్టాల మధ్య. ఈ చిన్న వాల్ట్స్‌లు వాళ్ళ చేతుల కోసం పుట్టాయి.

మన నిమిషం వాల్ట్స్‌ను ఆయన డెల్ఫినా పొటోట్స్కా అనే పోలెండు జమీందారిణికి అంకితం ఇచ్చాడు. ఆవిడ భర్తతో కాపురం పొసగక విడిగా ఉండేది. మంచి గాత్రం. ఆయన వద్ద పియానో నేర్చుకుంది. అంతకు ముందు ఒక పెద్ద రచన కూడా ఆవిడకే అంకితం ఇచ్చాడు. 1847 ఆయనకు మంచి సంవత్సరం కాదు. జార్జి సాండ్‌తో దాదాపు తొమ్మిదేళ్ళ సహవాసం ఆ ఏడాదే తెగిపోయింది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరిపోతోంది. అలాంటి రోజుల్లో అచ్చయిన పాట ఇది! విన్నవాళ్ళు ఎవరైనా ఇంత కులాసా పాట రాసినవాడు మంచం పట్టబోతున్నాడని అనుకుంటారా? 1848 ఫిబ్రవరి 16న పారిస్‌లో ఆయన ఆఖరి కచేరీ చేశాడు. ఆ రోజు కార్యక్రమం చివర వాయించింది కూడా ఒక వాల్ట్సే. వారం తిరగకముందే ఊళ్ళో విప్లవం వచ్చింది, శిష్యులు చెదిరిపోయారు, ఆదాయం పోయింది. మరుసటి ఏడు అక్టోబరు 17న, ముప్ఫైతొమ్మిదేళ్ళ వయసులో కన్నుమూశాడు. పోవడానికి రెండు రోజుల ముందు డెల్ఫినా వచ్చి మంచం పక్కన పాడి వినిపించింది. అక్కగారు లుడ్విక వార్సా నుంచి వచ్చి దగ్గరుండి చూసుకుంది. తమ్ముడి కోరిక ప్రకారం ఆయన గుండెను వార్సాకు తీసుకుపోయింది. అది ఈనాటికీ అక్కడి హోలీక్రాస్ చర్చి స్తంభంలో భద్రంగా ఉంది.

అచ్చు వెయ్యని తన రాతలన్నీ తగలబెట్టమని ఆయన చెప్పిపోయాడు. మిత్రుడు ఫొంటానా, కుటుంబం ఒప్పుకోగా, 1855లో కొన్నిటిని బయటికి తెచ్చాడు. ఇంకా దాగిపోయినవి ఉన్నాయి. 2024 అక్టోబరులో న్యూయార్కులోని మోర్గన్ లైబ్రరీవారు షోపాన్ చేతిరాతలో ఇంతవరకు ఎవరూ ఎరగని ఒక వాల్ట్స్ దొరికిందని ప్రకటించారు. ఆ కాగితం ఎంతనుకున్నారు? సుమారు నాలుగంగుళాలకు ఐదంగుళాలు, మన పోస్టుకార్డుకు కాస్త అటూ ఇటూ. వాయిస్తే ఒకటింబావు నిమిషం పైన. కాగితం, సిరా, చేతిరాత పరీక్షించి 1830 నుంచి 1835 మధ్య కాలానిదని తేల్చారు. ఆ రోజుల్లో స్నేహితురాళ్ళ ఆల్బముల్లో ఇలాంటి చిన్న కాగితాలు బహుమతిగా రాసి ఇచ్చేవాళ్ళు. దీని మీద ఆయన సంతకం లేదు. ఎవరికో ఇద్దామనుకుని, మళ్ళీ మనసు మార్చుకుని ఉంటాడని పరిశోధకుల ఊహ.

చిన్నది గదా అని పారెయ్యకుండా ఎవరో దాచబట్టి అది దక్కింది. ఇక్కడే మనకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. మన పల్నాడు పెద్ద పాటల సీమ. కారెంపూడిలో వీరుల తిరునాళ్ళు ఐదు రోజులు సాగుతాయి. బ్రహ్మనాయుడి కథ, నాగమ్మ కథ, బాలచంద్రుడి కథ వీరవిద్యావంతులు రాత్రుళ్ళ తరబడి పాడారు. అవి మన సొత్తు, కాదనను. కాని రాత్రంతా కూర్చుని వినే తీరిక ఆడవాళ్ళలో ఎందరికి దొరికింది? వాళ్ళ పాటలు వేరు. జోలపాట, దంపుళ్ళ పాట, తిరగలి పాట, మంగళహారతి. అన్నీ చిన్నవే. బిడ్డ నిద్రపోయేదాకా ఒకటి, దంచడం అయ్యేదాకా ఒకటి. పని ఎంతసేపో పాట అంతసేపు. వీరగాథలను శ్రీనాథుడి పేర కావ్యంగా కూడా దాచుకున్నాం. అమ్మమ్మలు పాడిన చిన్న పాటలను "ఆఁ, ఆడవాళ్ళ పాటలే కదా" అని వదిలేశాం. తిరగలి మూలన పడగానే తిరగలి పాట కూడా పోయింది. షోపాన్ చిన్న కాగితం కోసం గాజుపెట్టె చేయించిన లోకంలోనే ఇది కూడా జరిగింది.

కనుక నేను రెండు పనులు చెప్పి ముగిస్తాను. రెండూ ఖర్చు లేనివే.

మొదటిది పిల్లల సంగతి. మీ అబ్బాయో అమ్మాయో కీబోర్డు నేర్చుకుంటుంటే, వేగం చూసి మెచ్చుకోకండి. "ఆ నడుమ భాగం ఒక్కసారి నెమ్మదిగా వాయించమ్మా, వింటాను" అని అడగండి. ఎడమచెయ్యి ఒక్కటే వాయించి చూపమనండి. లెక్క నిలబడితే అప్పుడు మెచ్చుకోండి. వేగం దానంతట అదే వస్తుంది. రాకపోయినా నష్టం లేదు. పియానో కొనాలేమో అని బెంగ కూడా వద్దు. చెక్కతోనూ తీగెలతోనూ చేసిన ఆ వాద్యం మన రెంటచింతల ఎండలకూ, ఆ వెంటనే వచ్చే వానలకూ ఊరికే శ్రుతి తప్పుతుంది. దాన్ని సరిచేసేవాళ్ళు దగ్గర్లో దొరకరు. నేర్చుకునే చేతికి కీబోర్డు చాలు.

రెండోది మన సంగతి. ఇంట్లో పెద్దవాళ్ళు, అత్తగారో అమ్మగారో, ఉంటే వాళ్ళకు వచ్చిన చిన్న పాటలు అడిగి పాడించండి. ఫోనులో పట్టిపెట్టండి. "నాకేం వచ్చే తల్లీ" అంటారు మొదట. ఒక చరణం జ్ఞాపకం వస్తే రెండోది దానంతట అదే వస్తుంది. పాడినవారి పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేవారో కూడా చెప్పించండి. మనవరాలు ఎప్పుడైనా వింటుంది.

ఇక ఆ రెండు నిమిషాల వాల్ట్స్ మాటంటారా, మధ్యాహ్నం అంట్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే ముందు ఒకసారి వినండి. మొదటిసారి పరుగే వినబడుతుంది. రెండోసారి ఎడమచెయ్యి వినండి. మూడోసారి ఆ నడుమ భాగం కోసం ఎదురుచూడండి. మూడుసార్లు విన్నా ఆరేడు నిమిషాలు దాటదు. ఆ ఆరేడు నిమిషాలు ఇంట్లో ఎవరు పిలిచినా, "వస్తున్నా, కాస్త ఆగండి" అనండి. ఏమీ మునిగిపోదు.